చెరువు కట్టల మీద శ్రీలంక

శ్రీలంక అంటే మన వైపు చాలామందికి రావణుడు, అశోకవనం, ఆ తర్వాత బీచ్‌లు. ఈ ఎండాకాలం సెలవుల్లో మేం వెళ్లింది మాత్రం ఒకప్పుడు రాజధానులుగా వెలిగి, అడవిలో మునిగిపోయి, మళ్లీ బయటపడ్డ పాత ఊళ్లు చూడటానికి. చిత్తూరు నుంచి మేం నలుగురం, మా అత్తమ్మ. తిరుపతి నుంచి నా స్నేహితురాలు, వాళ్లాయన, వాళ్ల కూతురు. వాళ్లాయనను నేను అన్నా అనే పిలుస్తాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఏ ఊరెళ్లినా గుడికంటే ముందు కాలువ ఎటు పోతోంది, తూము ఎక్కడుంది అని చూస్తాడు. ఈ ప్రయాణంలో ఆ చూపు మా అందరికీ అంటుకుంది. బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేచే జిల్లా మాది. అంటుకోకుండా ఎలా ఉంటుంది?

శనివారం, అనురాధపురం దారిలో

విమానాశ్రయం దగ్గర వ్యాన్ ఎక్కాం. డీజిల్, డ్రైవర్ బత్తా కలిపి రోజుకు 24,000 శ్రీలంక రూపాయలు. మన రూపాయికి అక్కడ మూడున్నర దాకా వస్తుంది కాబట్టి మన లెక్కలో ఏడు వేలలోపే. డ్రైవర్ సింహళీయుడే అయినా తమిళం బాగా మాట్లాడతాడు. చిత్తూరు వాళ్లకు తమిళం కొత్త కాదు. పది నిమిషాల్లో అత్తమ్మ ఆయన పిల్లల చదువుల దాకా వెళ్లిపోయింది.

మేమంతా శనివారం నీచు ముట్టం. టిఫిన్‌కు ఆగిన చిన్న హోటల్లో కూర్చోగానే, అడక్కుండానే ఒక పళ్లెం నిండా బన్నులు, రోల్స్, వడలు తెచ్చి బల్ల మీద పెట్టేశారు. మా వాడు చెయ్యి చాపేలోపే డ్రైవర్ ఆపాడు. మూడు మూలల బన్నులో ఉన్నది చేప. పళ్లెంలో తిన్నవాటికే డబ్బులు, మిగిలినవి వెనక్కి తీసుకుపోతారు, అది అక్కడి పద్ధతి అని చెప్పాడు. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. కొబ్బరి, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ దంచి చేసే పొల్ సంబోల్‌లో ఎండుచేప పొడి వేస్తారట. ఎర్రగా, పుల్లగా, అచ్చం మన రోటి పచ్చడిలా ఉంటుంది, చూసి పోల్చుకోలేం. వంటగదిలోకి వెళ్లి మాకోసం చేప లేకుండా చేయించాడు. ఆప్పాలు, పప్పు, ఆ సంబోల్. ఎనిమిది మందిమి కడుపునిండా తింటే 4,200 రూపాయలైంది. అంటే మన 1,200.

ఆదివారం, అనురాధపురం

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా రాజధానిగా ఉన్న ఊరు. మర్నాడే వైశాఖ పౌర్ణమి, వాళ్లకు వెసాక్. లంక నలుమూలల నుంచీ జనం తెల్లబట్టలు కట్టుకుని వచ్చేశారు. ఆడవాళ్ల చేతుల్లో తామరపూలు. రేకులను ఒక్కొక్కటే లోపలికి మడిచి, పువ్వును విప్పారినట్టు చేసి బుద్ధుడి ముందు పెడతారు. ఒక ముసలావిడ మా పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా మడవాలో నేర్పింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. పూవు మాత్రం చక్కగా వచ్చింది.

శ్రీ మహాబోధి అనే రావిచెట్టు దగ్గర చెప్పులు, టోపీలు బయటే వదలాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు. రాతి నేల మే నెల ఎండకు కాలిపోతోంది. ముందే తెలుసు కాబట్టి అందరం మేజోళ్లు తెచ్చుకున్నాం, వెళ్లేవాళ్లు ఇది మరిచిపోవద్దు. బోధగయలోని రావిచెట్టు కొమ్మను అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చి ఇక్కడ నాటించింది. అది క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం. మనుషులు నాటిన చెట్లలో, నాటిన కాలం రాతలో ఉన్న వాటిలో, ఇంకా బతికున్న అతి పాత చెట్టు ఇదేనంటారు. బంగారు రంగు కంచె లోపల, ఊతకర్రల మీద వాలి ఉంది. అత్తమ్మకు చరిత్రతో పనిలేదు. రావిచెట్టు కనబడగానే ప్రదక్షిణ మొదలుపెట్టింది. ఆమె వెనక ఓ పాతికమంది తెల్లచీరల వాళ్లు. ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు. అంత జనంలో అరుపులు లేవు. నాకు అది చాలా నచ్చింది.

జేతవన స్తూపం మూడో శతాబ్దంలో మహాసేనుడు మొదలుపెట్టింది. అప్పట్లో దాదాపు 122 మీటర్ల ఎత్తు. ఆ కాలంలో దీన్ని మించినవి గిజాలోని రెండు పెద్ద పిరమిడ్లేనని చెబుతారు. సుమారు తొమ్మిది కోట్ల ముప్పై లక్షల ఇటుకలు పట్టాయట. పైభాగం కూలిపోయి ఇప్పుడు 71 మీటర్లుంది. ఇటుకల మధ్య గడ్డి మొలిచిన ఆ ఎర్రటి కొండ కింద నిలబడితే నాకు నాగార్జునకొండ గుర్తొచ్చింది. అక్కడి మూడో శతాబ్దపు శాసనంలో సింహళ విహారం మాట ఉంది. అంటే ఈ స్తూపం కట్టే కాలానికే ఇక్కడి భిక్షువులకు కృష్ణ ఒడ్డున ఒక ఇల్లుంది.

సాయంత్రం తిస్స వెవ కట్ట మీదికి వెళ్లాం. వెవ అంటే చెరువు. పిల్లలు ఈతలు కొడుతున్నారు, ఒకాయన స్కూటర్ కడుగుతున్నాడు, కొంగలు. అది రెండు వేల ఏళ్లు దాటిన చెరువు. దానికి నీళ్లు కలావెవ నుంచి 87 కిలోమీటర్ల పొడవు కాలువలో వస్తాయి. ఆ కాలువ అయిదో శతాబ్దంలో తవ్విందని అన్న చెబుతుంటే గొంతు మారిపోయింది. మొదటి 27 కిలోమీటర్లలో వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లు కూడా లేదట. "ఇప్పుడు మిషన్లు పెట్టి కూడా ఆ వాలు పట్టడం కష్టమమ్మా" అన్నాడు.

సోమవారం, మిహింతలె

అశోకుడి కొడుకు మహేంద్రుడు లంక రాజు దేవానాంపియ తిస్సుణ్ణి కలిసిన కొండ. 1,840 మెట్లు. అలిపిరి మెట్లు ఎక్కే మాకు అవి లెక్క కాదు కానీ ఎండ లెక్కే. పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం.

వేటకొచ్చిన రాజుకు బుద్ధి ఎంతుందో చూడాలని మహేంద్రుడు మామిడిచెట్టు చూపించి ప్రశ్నలు వేశాడని కథ. ఇదేం చెట్టు? మామిడి. ఇది కాక వేరే మామిడిచెట్లున్నాయా? ఉన్నాయి. మామిడి కాక వేరే చెట్లున్నాయా? ఉన్నాయి. ఆ వేరే మామిళ్లూ, ఆ వేరే చెట్లూ కాకుండా ఇంకేమైనా ఉందా? ఇదిగో, ఈ మామిడిచెట్టే ఉంది అన్నాడు రాజు. మామిడి తోటల మధ్య పెరిగిన మా పిల్లలకు ఈ కథ ఎంత నచ్చిందంటే దిగేదాకా ఒకరినొకరు అదే అడుగుతూనే ఉన్నారు. కొండ కింద బండి మీద ఉప్పు, కారం, వెనిగర్ వేసిన మామిడి ముక్కలు 200 రూపాయలకు పొట్లం. పులుపు బాగుంది. తోతాపురి గట్టిదనం మాత్రం లేదు.

కొండ కింద పాత ఆసుపత్రి శిథిలాలున్నాయి. రోగిని ఔషధ జలంలో పడుకోబెట్టడానికి మనిషి ఆకారంలో తొలిచిన రాతి తొట్టి ఉంది. మా స్నేహితురాలు నర్సుగా పనిచేసిన మనిషి. మిగతా వాళ్లం ముందుకెళ్లిపోయినా ఆమె ఆ తొట్టి దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.

రాత్రి అనురాధపురం వీధులన్నీ కాగితపు లాంతర్లు. రోడ్డు పక్కన దన్సల్ అని ఉచితంగా అన్నం పెట్టే పందిళ్లు. కుర్రాళ్లు జెండాలు పట్టుకుని వాహనాలకు అడ్డం నిలబడి, దిగి తినండి అని బతిమాలుతారు. ఒకచోట ఉడకబెట్టిన కర్రపెండలం, కారం. ఇంకోచోట అన్నం, పప్పు. మరోచోట ఐస్‌క్రీమ్, దానికే పెద్ద వరస. వెసాక్ రోజుల్లో మాంసం, మందు అమ్మకాలు బంద్, కాబట్టి చేప సంగతి అడగాల్సిన పనే పడలేదు. తిరుమలలో అన్నప్రసాదం తిని పెరిగిన మనకు పంక్తి భోజనం కొత్త కాదు. కానీ ఇక్కడ పెట్టేది గుడి కాదు, ఆ వీధిలోని ఆటో స్టాండు వాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, స్కూలు పిల్లలు. తలా కొంత వేసుకుని వండుతారు. ఇదే పౌర్ణమి అన్నమయ్య జయంతి కూడా. అత్తమ్మ ఐస్‌క్రీమ్ వరసలో నిలబడి 'బ్రహ్మ కడిగిన పాదము' పాడుకుంటుంటే ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి దండం పెట్టింది.

మంగళవారం, కలావెవ

పర్యాటకులు ఎక్కువగా రారు. మేమే అడిగి వ్యాన్ మళ్లించాం. ముందు అవుకన బుద్ధుడు. ఒకే కొండరాతిలో చెక్కిన దాదాపు 12 మీటర్ల నిలువెత్తు విగ్రహం. చీర కుచ్చిళ్లలా కిందికి జారే వస్త్రపు మడతలు అంత రాతిలో ఎలా తీశారో!

తర్వాత కలావెవ కట్ట. అవతలి ఒడ్డు కనబడదు. అయిదో శతాబ్దంలో ధాతుసేన మహారాజు కట్టించాడు. ఆయన కొడుకు కశ్యపుడు రాజ్యం లాక్కుని, తండ్రిని బంధించి, దాచిన సొత్తు ఎక్కడుందో చూపించమన్నాడు. ధాతుసేనుడు ఈ చెరువు దగ్గరికి తీసుకురమ్మన్నాడు. నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట్లో నీళ్లు పైకెత్తి, నాకున్న సొత్తంతా ఇదే అన్నాడు. కొడుకు ఆయన్ని చంపించాడు. వంశచరిత్రలో రాసి ఉన్న ఈ కథ కట్ట మీద కూర్చుని వింటుంటే, ఎదురుగా ఆ నీళ్లు ఇంకా వరి పండిస్తుంటే, మా ఆయన లేచి పక్కకెళ్లిపోయాడు. ఆయన వాళ్ల నాన్న పోయి ఎక్కువ కాలం కాలేదు.

బుధవారం, సిగిరియా

తండ్రిని చంపిన కశ్యపుడు భయంతో వచ్చి కోట కట్టుకున్న బండ ఇది. 477 నుంచి 495 దాకా ఏలాడు. విదేశీయులకు టికెట్ ఖరీదే. మన పాస్‌పోర్టు చూపిస్తే సార్క్ దేశాల వాళ్లకు తగ్గిస్తారు. పాస్‌పోర్టు హోటల్లో వదిలి రాకండి.

అందరూ బండ మీద బొమ్మల కోసం వస్తారు. అవి నిజంగానే ఆపుకోలేనంత అందం, పదిహేను వందల ఏళ్ల రంగులు. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది, కళ్లతో చూశాం. ఒకప్పుడు అద్దంలా మెరిసిన నున్నటి గోడ మీద ఎనిమిది, తొమ్మిది, పది శతాబ్దాల యాత్రికులు ఆ బొమ్మల గురించి గీసిన పద్యాలున్నాయి. పరణవితాన అనే పండితుడు 685 పద్యాలు చదివి అచ్చు వేశాడు. పైమెట్ల ద్వారం దగ్గరున్న పెద్ద సింహం పాదాల దాకా అత్తమ్మ వచ్చి ఆగిపోయింది. పైకెక్కిన మేం రాతిలో తొలిచిన కోనేరు చూసి దిగాం. కందిరీగలున్నాయి, మాట్లాడకండి అని దారంతా బోర్డులు.

నాకు ఎక్కువగా మిగిలింది కింద తోటే. రాతి పలకల్లో చిల్లులు పెట్టి, కింద నుంచి నీటి ఒత్తిడితో పైకి చిమ్మే ఫౌంటెన్లు. వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయట. తండ్రి ఊరికి నీళ్లిచ్చాడు, కొడుకు తన తోటలో ఆడించుకున్నాడు. ఇద్దరి పనితనమూ గొప్పదే. కానీ కలావెవ కింద ఇవాళ కూడా జనం అన్నం తింటున్నారు, బండ మీద గోడల పునాదులు మిగిలాయి. నా గౌరవం ఎటు వైపో పిల్లలకు దాచకుండా చెప్పాను.

గురువారం, పొలొన్నరువ

ఇక్కడ మనకు తెలిసిన పేర్లు ఎదురవుతాయి. రాజరాజ చోళుడి సేనలు అనురాధపురాన్ని కొట్టాక చోళులు రాజధాని చేసుకున్న ఊరు ఇదే. రాజరాజు రాణి పేరు మీద కట్టిన వానవన్ మాదేవి ఈశ్వరం అనే చిన్న రాతి గుడి ఊళ్లోకెల్లా పాత కట్టడం. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులో ఆదిత్య చోళుడి సమాధి గుడి చూసినవాళ్లెవరైనా ఆ రాతి పనిని ఇట్టే పోల్చుకుంటారు. అత్తమ్మ లింగం మీద చెంబుడు నీళ్లు పోసి, పూజారి లేడే అని నొచ్చుకుంది.

గల్ విహారంలో ఒకే బండలో నాలుగు బుద్ధ విగ్రహాలు. పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. తల కింద రాతి దిండు, తల బరువుకు దిండు నొక్కుకుపోయినట్టు చెక్కారు. దానికి మించి నేనేం చెప్పలేను, వెళ్లి చూడాల్సిందే.

మధ్యాహ్నం పిల్లలు సైకిళ్లు అద్దెకు తీసుకున్నారు. వాళ్ల వెనక మేం ఆటోలో. శిథిలాల మధ్య దారి చీలిన చోట బోర్డు విరిగి పడుంది. వాళ్లు పట్టిన దారి తిరిగి తిరిగి వరి చేల మధ్య కాలువ గట్టుకు చేరింది. అక్కడ లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన పారతో మడవ మారుస్తున్నాడు. ఆటో అతను తమిళంలో మా మాటలు ఆయనకు, ఆయన మాటలు మాకు అందించాడు. ఆ నీళ్లు పరాక్రమ సముద్రానివి. 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహువు కట్టించిన చెరువు, కట్ట పొడవు 14 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో శతాబ్దాల పాటు పాడుపడితే 20వ శతాబ్దంలో బాగుచేశారు. వాన నీటి చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలోకి పోకూడదన్నది ఆ రాజు పట్టుదల.

నీళ్లు ఎవరు పంచుతారని అత్తమ్మ అడిగింది. ఒకప్పుడు వెల్ విదానె అని ఊరికొకడుండేవాడట, ఇప్పుడు రైతు సంఘం వాళ్లే ఒకర్ని ఎన్నుకుంటారట. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. వాళ్ల నాన్న గుడిపాల వైపు ఒక ఊళ్లో నీరుగంటి. ఏ మడికి ఎన్ని గడియలు, చివరి మడికి అందకపోతే ఎవరి వంతు తగ్గించాలి, మొరవ, అంటే అలుగు, పోయేటప్పుడు కట్ట మీద రాత్రి కాపలా ఎవరిది, అన్నీ చెప్పుకుపోయింది. ఆ పెద్దాయన పార నేలకు ఆనించి, ప్రతి మాటకూ తల ఊపుతూ విన్నాడు. తర్వాత మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, చెట్టు నుంచి నారింజ రంగు బొండాలు దించి కొట్టిచ్చాడు. రోడ్డు మీద ఒక్కోటి 200. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ అన్న తూము లోపల ఏముంటుందో గీసి చూపించాడు. ఎత్తైన కట్ట కింద నీళ్లు విపరీతమైన ఒత్తిడితో వస్తాయి. వాటిని నేరుగా వదిలితే కట్ట కోసుకుపోతుంది. అందుకని కట్ట లోపలి వైపు రాళ్లతో చదరపు బావి కట్టి, నీళ్లు అందులో పడి నెమ్మదించాకే బయటికి వదిలేవారు. బిసొకొటువ అంటారు. పార్కర్ అనే బ్రిటిష్ ఇంజనీరు వీటిని చూసి, యూరప్‌కు చాలా ముందే వీళ్లు ఈ పని కనిపెట్టారని రాశాడు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయల చెరువు కట్ట నీళ్లు కారి, కింది ఊళ్లు ఖాళీ చేయించిన రాత్రులు అన్నకు గుర్తొచ్చాయి. ఆ టెన్షన్ ఆయన ఇంకా మరిచిపోలేదు.

శుక్రవారం, శనివారం, క్యాండీ

కొండల్లో చల్లగాలి. మట్టి కుండలో గడ్డ పెరుగు, పైన జీలుగు పానకం. పిల్లలు దీని కోసమే మళ్లీ వెళ్దాం అంటున్నారు. బుద్ధుడి దంత ధాతువు గుడిలో సాయంత్రం పూజకు డోళ్లు మోగుతుంటే వరసలో నిలబడ్డాం. వరస నెమ్మదిగానే కదిలింది కానీ కదిలింది.

1739 నుంచి క్యాండీని ఏలినవాళ్లు నాయక్కర్ రాజులు. మదురై వైపు నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న వంశం. శైవులుగా పుట్టి బౌద్ధాన్ని నిలబెట్టారు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు, అసలు పేరు కన్నసామి. పద్దెనిమిదేళ్లకే గద్దెనెక్కాడు. ఊరి మధ్య వరిపొలాలను తవ్వించి చెరువు చేయించింది ఆయనే. బలవంతపు చాకిరీతో తవ్వించాడని జనం అప్పుడే తిట్టుకున్నారు, క్రూరుడన్న పేరూ ఉంది. 1815లో సామంతులు ఇంగ్లీషు వాళ్లతో కలిశారు. మార్చి 2న చెక్క స్తంభాల కొలువుకూటంలో ఒప్పందం చదివారు. రాజును మద్రాసుకు, అక్కడి నుంచి వేలూరు కోటకు పంపేశారు.

వేలూరు! చిత్తూరు నుంచి 35 కిలోమీటర్లు. ఏ జబ్బు చేసినా మేం పరుగెత్తే ఊరు. ఆ కోట గోడ పక్కన ఎన్నిసార్లు బస్సు దిగామో లెక్కలేదు.

వేలూరు, ఇంటికొచ్చాక

బట్టలు ఆరకముందే అందరం కలిసి వెళ్లాం. రాజసింహుడు 1832 జనవరి 30న ఇక్కడే కన్నుమూశాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి, చుట్టూ తమిళనాడు ప్రభుత్వం 1990లో కట్టిన ముత్తు మండపం. పక్కనే కుటుంబం వాళ్ల సమాధులు. క్యాండీలో చెరువు తవ్వించిన మనిషి పక్కన ఉన్న నదిలో ఇసుక తప్ప ఏం లేదు. ఆ మాట అన్నది మా వాడు. ఎవరం బదులు చెప్పలేదు.

దారిలో అత్తమ్మ వాళ్ల పుట్టినూరి వైపు బండి తిప్పమంది. చెరువు నిండా కంపచెట్లు. తూము రాతి స్తంభాలు నిలబడే ఉన్నాయి, వాటి కింద గాడి పూడిపోయింది. అన్న చొక్కా మడిచి లోపలికి దిగి, కర్రతో గుచ్చి చూశాడు. రాతి పని చెక్కుచెదరలేదు, పూడిక తీసి, మొరవ గట్టు రెండు చోట్ల కడితే ఈ వానలకే నీళ్లు నిలుస్తాయన్నాడు. ఉపాధి హామీ కింద పెట్టించవచ్చట. సర్పంచి అత్తమ్మకు వరసకు తమ్ముడు. ఫోన్ చేసి, సోమవారం పంచాయతీ ఆఫీసుకు వస్తున్నా, లేకుండా పోవద్దు అని చెప్పింది.